నలుగురు లేవనెత్తితే

(రేడియో ప్రసంగ పాఠం. వాక్యభాగం: మార్కు సువార్త 2:1–12)

మీలో కొందరు ఆసుపత్రి మంచం మీద నుండి ఈ మాటలు వింటూ ఉండవచ్చు. కొందరు ఆ మంచం ప్రక్కనే స్టూలు మీద కూర్చొని ఉండవచ్చు. ఈ వర్తమానం మీ ఉభయుల కొరకు.

కపెర్నహూములో పక్షవాయువు గల ఒకనిని నలుగురు మోసుకొని వచ్చిన సంగతి మనకు తెలుసు. నలుగురు మోయడమంటే మన ఊళ్లలో స్మశానానికే అనుకుంటారు. కాని ఈ నలుగురు మోసింది జీవమునొద్దకు! ఒక్కొక్కరు ఒక్కొక్క మూల పట్టుకున్నారు. ఏ ఒక్కడు వదిలినా ఆ పరుపు ఒరిగిపోయేదే.

ప్రియులారా, ఒకసారి అలా మూల వదిలినవాడను నేనే.

మా సంఘములో ఒక పెద్దావిడ జారిపడితే తొంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది. మరునాడే ఫిజియోథెరపీ అబ్బాయి వచ్చి, "అమ్మా, లేచి కూర్చుందాం" అన్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. ప్రార్థించడానికి వెళ్లిన నేను, "నిన్ననే కదా బాబూ ఆపరేషన్ అయింది, పడుకోనివ్వండి" అన్నాను. పాస్టరుగారే చెప్పారు గనుక కూతురూ అదే పట్టుబట్టింది. నాలుగవ రోజు వెళ్లేసరికి ఆమెకు జ్వరం, దగ్గు, ఆయాసం. ఛాతీలో కఫం చేరిందన్నారు.

వార్డు సిస్టరమ్మ నన్ను వరండాలోకి పిలిచింది. కోప్పడలేదు. "అయ్యగారూ, కదలకుండా పడుకుంటే ఊపిరితిత్తులు సరిగా తెరుచుకోవు. కాళ్లలో రక్తం గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణానికే ముప్పు. వీపున పుండ్లు పడతాయి, కండ కరిగిపోతుంది. ఆమె మీ మాట వింటుంది. మాతోపాటు మీరూ ఒక చెయ్యి వేయండి" అంది. నేను తల దించుకున్నాను.

ఒకప్పుడు వైద్యులే రోగులను రోజుల తరబడి పడుకోబెట్టేవారు. 1947లో రిచర్డ్ ఆషర్ అనే ఇంగ్లండు వైద్యుడు, మంచం రోగికి ఎన్ని విధాల కీడు చేస్తుందో ఒక వ్యాసంలో వివరించాడు. 1990లలో డెన్మార్కు సర్జన్ హెన్రిక్ కెలెట్, నొప్పి తగ్గించి రోగిని త్వరగా లేపి నడిపించడాన్ని సర్జను, మత్తు డాక్టరు, నర్సు, ఫిజియోథెరపిస్టు కలిసి చేసే పనిగా తీర్చిదిద్దాడు.

జ్వరం తగ్గి డాక్టరుగారు సరేనన్నాక, సిస్టరమ్మ ఆ పెద్దావిడ ప్రక్కన కూర్చొని, "అమ్మమ్మా, నీకు దేనికి భయం?" అని అడిగింది. ఆమె, "నొప్పికి కాదమ్మా, మళ్లీ పడిపోతానేమోనని" అంది. అన్నాళ్లూ మేమెవ్వరం ఆ ప్రశ్న అడగనే లేదు!

ఆ ఉదయం సిస్టరమ్మ ముందుగానే నొప్పి మాత్ర ఇచ్చింది. కాళ్లు క్రిందికి దించి, తల తిరగడం తగ్గేదాకా మంచం అంచున కూర్చోబెట్టారు. ఫిజియోథెరపీ అబ్బాయి వాకర్ అందించి నడుము పట్టుకున్నాడు. ఆయా నేల తడి లేకుండా తుడిచి, మూత్రపు సంచి చేత పట్టుకుంది. నాలుగడుగుల దూరంలో కూతురు కుర్చీ వేసింది. ఆ కుర్చీ ప్రక్కన నేను నిలబడ్డాను. నాలుగడుగులు వేయడానికి ఎంతసేపు పట్టిందో! కూర్చోగానే, "నడిచానయ్యగారూ" అని నవ్వింది. మరునాడు తలుపుదాకా వెళ్లింది.

ప్రియులారా, మొరాయించే రోగి సోమరి కాదు, మొండివాడూ కాదు. భయపడుతున్నవాడు. ఒకరు లెమ్మని, ఒకరు పడుకోమంటే అతడు పడుకోవడమే ఎంచుకుంటాడు. పరామర్శకు వెళ్లినప్పుడు "కదలకు, కుట్లు ఊడిపోతాయి" అని మన సొంత వైద్యం చెప్పకండి. ఎప్పుడు లేవాలో, ఎంత నడవాలో డాక్టరును అడగండి. అందరూ ఆ ఒక్క మాటే చెప్పండి.

ఇంకొక సంగతి. నలుగురు మోశారు గాని, ప్రభువు లెమ్మన్నప్పుడు లేచినది ఆ రోగియే. అతని బదులు వారు లేవలేదు. మంచం మీదనున్న సహోదరీ, సహోదరుడా, నీ అడుగు నీవే వేయాలి. అయితే ఒంటరిగా కాదు.

ప్రార్థించుకొందము. ప్రభువా, లేవడానికి భయపడేవారికి ధైర్యము దయచేయుము. వారిని లేవనెత్తే చేతులను బలపరచుము. మా మూల మేము విడువకుండ మాకు సహాయము చేయుము. ఆమేన్.