వెయ్యిమందిలో ఓటున్నోళ్లు ఎంతమంది?

(ఒక వాడ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను బడిపంతుల్ని. ఓటర్ల జాబితా పని మా నెత్తినే పడుతుంది కాబట్టి ఈ లెక్క కొంత తెలుసు. ఊర్లో వెయ్యిమంది ఉంటే ఓటున్నోళ్లు ఎంతమంది అన్నదే ఆ లెక్క. పిల్లలు ఎక్కువున్న చోట ఆ సంఖ్య తక్కువ, ముసలోళ్లు ఎక్కువున్న చోట ఎక్కువ. 1989లో ఓటు వయసు 21 నుంచి 18కి దించినప్పుడు అన్నిచోట్లా పెరిగింది. ఇదంతా సహజమే. పెద్దోళ్లు ఉండి కూడా పేర్లు లేకపోతే మాత్రం అది వయసు తేడా కాదు.

మన అనంతపురంలో చెనిక్కాయ ఎండిందంటే వాడ ఖాళీ. ఒక ఏడు నేను ఇంటింటికీ తిరిగినాను. పెద్ద వీధిలో కొడుకు అమెరికాలో ఉన్నా పేరు చెక్కు చెదరలేదు. మాదిగవాడలో తాళాలు. వెంట వచ్చినాయన "ఇల్లు మారినారని రాసేయ్ పంతులూ" అన్నాడు. రెండిళ్లకు రాసేసినాను కూడా. మూడో ఇంటి అరుగు మీద అవ్వ, "మావోడు కాంక్రీటు పనికి బెంగుళూరు పోయినాడు నాయనా, ఉగాదికొస్తాడు. ఇల్లు ఈడే కదా" అనింది. ఆయమ్మ చెప్పిందే చట్టం. తాత్కాలికంగా బయటికి పోయినంత మాత్రాన నివాసం పోదని 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్ అంటుంది. డిగ్రీ చదివిన నాకు అవ్వ చెప్పాల్సి వచ్చింది. రాసిన రెండూ కొట్టేసినాను.

1919లోనే సౌత్‌బరో కమిటీ ముందు బాబాసాహెబ్ ఈ లెక్క తీసినాడు. ఆస్తి చూసి ఓటిస్తే అంటరానోళ్లలో ఓటర్లు ఎందరు మిగులుతారని అడిగినాడు. ఇప్పుడు ఆస్తి అడగరు, తాళం చూస్తారు.

సీట్లేమో జనాభాను బట్టి వస్తాయి. ఆ లెక్కలో మనమున్నాం, జాబితాలో లేమనుకోండి. అప్పుడు మన పేరున రిజర్వయిన సింగనమల, మడకశిరల్లో కూడా ఎవురు గెలవాలో ఊరే తేలుస్తుంది.

ఒక నోటుబుక్కు తీసుకోండి. ఇంటికి 18 నిండినోళ్లు ఎందరు, జాబితాలో ఎందరు, రెండు గళ్లు గీయండి. తేడా వస్తే ఫారం 6. పేరు తీసేయమని ఎవురైనా ఫారం 7 పెడితే విచారణ లేకుండా కొట్టేయకూడదు, నోటీసు అడగండి. 17 దాటిన పిల్లోళ్లు ముందే అర్జీ పెట్టొచ్చు.

ఫారాలు నా సంచిలో ఉన్నాయి. బెంగుళూరులో ఉన్నోళ్ల ఫోన్ నెంబర్లు ఎవురి దగ్గరున్నాయో వాళ్లు ముందుకు రండి.