బూట్లు విప్పాక పాదాలు చూడండి



గోదావరిఖనిలో బొగ్గుబాయి నుంచి వచ్చినవారి ఒంటి మసి సబ్బుతో పోతుంది. చేతుల గ్రీజుకు కిరోసిన్ వాడకండి, చర్మం పగులుతుంది. చెవిలో దుమ్ముకు అగ్గిపుల్ల, పిన్నీసు పెట్టకండి, కర్ణభేరికి గాయమవుతుంది. తడిగుడ్డతో బయటి భాగం తుడిస్తే చాలు.

పాదాలను మాత్రం మరచిపోతాం. భూగర్భ గనిలో నీళ్లు ఊరే చోట షిఫ్టు అయ్యేదాకా కాళ్లు తడి బూట్లలోనే నానుతాయి. వేళ్ల సందుల్లో చర్మం తెల్లబడి, చిట్లి, దురద పెడుతుంది. అక్కడే ఫంగస్ చేరుతుంది.

షుగర్ ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గవచ్చు. బూటు కరిచినా, ముల్లు గుచ్చుకున్నా నొప్పి తెలియదు. చిన్న పుండే ముదిరి వేలు, ఒక్కోసారి కాలే తీసేయాల్సి వస్తుంది.

అందుకని ఇంటివారు ఇలా చేయండి:

- పాదాలు సబ్బుతో కడిగి, వేళ్ల సందులు పొడిగుడ్డతో ఒత్తండి.
- రోజూ ఉతికిన సాక్సులివ్వండి. బూట్లు ఆరబెట్టండి.
- గోళ్లు తిన్నగా కత్తిరించండి. ఆనెలను బ్లేడుతో కోయకండి.
- షుగర్ ఉన్నవారి అరికాళ్లు రోజూ వెలుతురులో చూడండి. వారి కాళ్లకు కాపడం పెట్టకండి.

పుండు, వాపు, నలుపు కనిపిస్తే ఆ రోజే డాక్టరుకు చూపించండి. నొప్పి లేదు కదా అని ఆగవద్దు.