మెల్లకంటికి విషమే ఔషధమైన కథ



మెల్లకన్ను అదృష్టచిహ్నమను మాట తెలుగు పల్లెలలో తరతరములుగా వినవచ్చుచున్నది. ఆ మాటను నమ్మి తలిదండ్రులు ఊరకుండుటవలన బిడ్డకు కలుగు నష్టము చిన్నది కాదు. ఒక కన్ను ఎల్లప్పుడును ముక్కువైపునకు తిరిగియున్నయెడల, మెదడు ఆ కన్ను చూపు బొమ్మను క్రమముగా లెక్కచేయుట మానివేయును. బాల్యమున వాడుక తప్పిన చూపు మందగించును. పెద్దయైన పిమ్మట కన్ను చక్కబడినను, ఆ చూపు పూర్తిగా మరలివచ్చుట కష్టము.

కనుగ్రుడ్డును కదల్చుటకు ఆఱు కండరములు గలవు. కాడికి కట్టిన ఎద్దులలో ఒకటి ఎక్కువగా లాగినచో బండి ప్రక్కకు పోవునట్లు, ముక్కువైపు కండరము లాగుడు మిక్కుటమైనచో కన్ను లోనికి తిరుగును. శస్త్రచికిత్సలో వైద్యులు ఆ కండరమును వెనుకకు జరిపి కుట్టుదురు.

అమెరికాలో సాన్‌ఫ్రాన్సిస్కో నగరపు నేత్రవైద్యుడు ఆలన్ స్కాట్, కత్తితో పనిలేకుండ ఆ కండరమును సడలించు మందుకై వెదకెను. తుదకు దొరికినది బోటులినం అను ఘోరవిషము. 1820 ప్రాంతమున జర్మను వైద్యుడు యుస్టినస్ కెర్నర్, చెడిన మాంసము తిన్నవారి బాధలను వర్ణించి, ఆ విషము స్వల్పమాత్రలో ఔషధము కాగలదని ఊహించెను. 1895లో బెల్జియమున అట్టి మాంసము తిని కొందఱు మరణింపగా, వాన్ ఎర్మెంజెమ్ అను పండితుడు ఆ విషమును పుట్టించు సూక్ష్మజీవిని కనుగొనెను. ఎడ్వర్డ్ షాంట్జ్ శుద్ధిచేసి యిచ్చిన విషమును స్కాట్ కోతులపై ప్రయోగించి, 1973లో ఫలితములు ప్రకటించెను. 1980లో మనుష్యులకు చేసిన చికిత్స వివరములు వెలువడెను. 1989లో అమెరికా ప్రభుత్వము పండ్రెండేండ్లును అంతకు పైబడినవారి మెల్లకంటికి దీనిని ఆమోదించెను. వైద్యులు పసిబిడ్డలకును దీనిని వాడిరి.

సన్నని సూదితో ఆ కండరములోనికి మిక్కిలి స్వల్పముగా ఎక్కించిన విషము, నాడి పంపు ఆజ్ఞను కండరమునకు అందనీయదు. కొలది దినములలో కండరము సడలును. ఆ బలము రమారమి మూడు మాసములలో తగ్గిపోవును. ఈలోగా చెవివైపు కండరము బిగిసి, ముక్కువైపుది సాగి, విషము విరిగిన తరువాతను కొందఱికి కన్ను చక్కగానే నిలుచును. కొందఱికి మరల సూది వేయవలసియుండును. కొన్ని వారములు రెప్ప వాలుటయు కలదు.

అన్ని మెల్లలకును ఇదియే మందని భావింపరాదు. కొందఱు బిడ్డలకు కంటి అద్దములే చాలును. కొందఱికి శస్త్రచికిత్సయే తగును. మందగించిన చూపునకు మంచికంటిపై పట్టీ కట్టుట వంటి చికిత్స వేఱుగా కావలయును. ఏది తగునో నేత్రవైద్యుడు నిర్ణయించును.

నాలుగు మాసములు నిండిన బిడ్డకు కన్ను లోనికి తిరుగుచున్నచో జాగు చేయక వైద్యునికి చూపవలెను. గ్రంథాలయమున ఈ సంగతి తెలిసికొన్నవారు పొరుగింటి తల్లికి ఒక్కమాట చెప్పినను, ఒక బిడ్డ చూపు నిలుచును.