“నేనేం తప్పు చేశానండీ?”
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షన్ అనేది ఎవరో దయతలచి ఇచ్చేది కాదు, అది మన హక్కు అని తీర్పు చెప్పింది. ఏటా ఈ సభలో డి.ఆర్. బకాయిల గురించీ, మెడికల్ బిల్లుల గురించీ మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శి గారు ఆరోగ్యం మీద ఓ పావుగంట మాట్లాడమన్నారు. నేను రొమ్ము క్యాన్సరు గురించి మాట్లాడతానన్నాను. “అది ఆడవాళ్ళ విషయం, సభలో బాగుంటుందా?” అని ఒకరిద్దరు మిత్రులు సందేహించారు. ఆ సందేహం వల్లే మా ఇంట్లో నష్టం జరిగింది. అందుకే మాట్లాడుతున్నాను.

నేను డాక్టరును కాను. 1974లో తాలూకా ఆఫీసులో గుమస్తాగా చేరి, మండలాలు వచ్చాక మండలాఫీసుల్లో తిరిగి, 2009లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరైన వాడిని. కాగితాలు చదవడం, లెక్క సరిచూడడం, ఈ రెండే నాకు తెలిసిన విద్యలు. ఆ విద్యతోనే ఈ విషయం చదివాను.

2011 సంక్రాంతి నాడు మా ఆవిడకు స్నానం చేస్తుండగా ఎడమ రొమ్ములో చిన్న గడ్డ చేతికి తగిలింది. ఆ మాట ఆవిడ నోటి నుంచి వచ్చింది దసరాకి. మధ్యలో తొమ్మిది నెలలు. రెండో అమ్మాయి పురుడు కానిమ్మని కొన్నాళ్ళు, నా రిటైర్మెంటు డబ్బులో ఇల్లు బాగు చేయించాక చూద్దామని కొన్నాళ్ళు. “నొప్పి లేదు కదండీ, నొప్పి లేనిదానికి డాక్టరు ఎందుకనుకున్నాను” అంది. అన్నిటికన్నా పెద్ద కారణం సిగ్గు. ముప్ఫై ఆరేళ్ళు కాపురం చేసిన మనిషికి నాకు చెప్పడానికే సిగ్గు!

తప్పంతా ఆవిడ మీద వేయను. చెప్పిన తర్వాత ఒక బంధువు మాట విని నలభై రోజులు నాటు మందు వాడించింది నేను. ఆ నలభై రోజులు నా ఖాతాలోవే. మనం ఫైలు పెండింగులో పెడితే మెమో వస్తుంది. దీనికి మెమో ఇచ్చే వారెవరూ లేరు.

పెద్దాసుపత్రిలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ కాగితం ముందు పెట్టుకుని ప్రశ్నలు అడిగింది. పెద్దమనిషి అయింది ఏ వయసులో? తొలి కాన్పు ఎప్పుడు? ఎంతమంది పిల్లలు? ఎన్నాళ్ళు పాలిచ్చారు? ముట్లు ఎప్పుడు ఆగిపోయాయి? హార్మోను మాత్రలు వాడారా? మీ ఇంట్లో ఎవరికైనా ఈ జబ్బు ఉందా? మా ఆవిడ బోనులో నిలబడ్డ సాక్షిలా ఒక్కొక్కదానికీ జవాబు చెప్పింది. ఆ రాత్రి వార్డు వరండాలో కూర్చుని, “ఏమండీ, నేనేం తప్పు చేశానని అన్ని ప్రశ్నలు?” అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. ఆవిడ 2015లో వెళ్ళిపోయింది. ఆ తర్వాత, ఆ ప్రశ్నలు ఎక్కణ్ణుంచి వచ్చాయో తెలుసుకోవాలని చదవడం మొదలుపెట్టాను.

ఆ ప్రశ్నలకు పెద్ద చరిత్రే ఉంది. ఇటలీలో రామజ్జిని అనే వైద్యుడు ఏ వృత్తి వారికి ఏ జబ్బులు వస్తాయో గ్రంథం రాశాడు. క్రైస్తవ సన్యాసినులకు రొమ్ములో రాచపుండు ఎక్కువగా కనిపిస్తున్నదని 1713లోనే గమనించాడు. వారికి పెళ్ళీ లేదు, పిల్లలూ లేరు. కారణం అప్పటికి ఎవరికీ తెలియదు.

ఆ తర్వాత రెండు వందల ఏళ్ళకు, 1926లో, ఇంగ్లండులో జానెట్ లేన్-క్లేపన్ అనే వైద్యురాలు ఒక పని చేసింది. ఈ జబ్బు ఉన్న 500 మందినీ, లేని 500 మందినీ ఎంచుకుని అందరినీ ఒకే రకం ప్రశ్నలు అడిగించింది. మన భాషలో చెప్పాలంటే రెండు రిజిస్టర్లు పక్కపక్కన పెట్టి సరిచూసింది. జబ్బు వచ్చిన వారిలో ఆలస్యంగా పెళ్ళైన వారు, తక్కువ మంది పిల్లలున్న వారు ఎక్కువని తేలింది. మా డాక్టరమ్మ చేతిలోని కాగితం ఆ రిజిస్టరు వంశంలోదే.

1970లో మక్‌మాన్ అనే పరిశోధకుడి బృందం బోస్టన్, ఏథెన్స్, టోక్యో వంటి ఏడు ప్రాంతాల స్త్రీలను పరిశీలించింది. పద్ధెనిమిదేళ్ళ లోపు తొలి కాన్పు అయిన వారికి, ముప్ఫై అయిదు దాటాక అయిన వారితో పోలిస్తే, ముప్పు సుమారు మూడో వంతే ఉందని చెప్పింది. ఇది విని ఆడపిల్లలకు తొందరగా పెళ్ళి చేసేయమని ఎవరూ అనుకోకండి. చిన్న వయసు కాన్పులో తల్లికీ బిడ్డకూ ఉండే ప్రమాదాలు వేరే ఉన్నాయి. పరిశోధన కారణం వెతికింది, ముహూర్తం పెట్టలేదు.

చనుబాల విషయంలో చాలాకాలం వాదం నడిచింది. పాలివ్వడం వల్ల రక్షణ లేదని మక్‌మాన్ బృందమే అంది. 2002లో 30 దేశాలలో జరిగిన 47 పరిశోధనలను ఒకచోట చేర్చి, జబ్బు ఉన్న 50 వేల మందినీ లేని 97 వేల మందినీ లెక్క వేశారు. పాలిచ్చిన ప్రతి పన్నెండు నెలలకూ ముప్పు 4.3 శాతం తగ్గుతుందని, ప్రతి కాన్పుకూ మరో 7 శాతం తగ్గుతుందని తేలింది.

వీటన్నిటి వెనుక ఉన్న ముఖ్య కారణం ఈస్ట్రోజన్ వంటి స్త్రీ హార్మోనులు. అవి రొమ్ములోని కణాలను పెరగమని, విభజన చెందమని ప్రేరేపిస్తాయి. కణం విభజన అయినప్పుడల్లా నకలు రాయడంలో తప్పు దొర్లే అవకాశం ఉంటుంది. రోజుకు వంద నకళ్ళు రాసే గుమస్తాకు, పది రాసేవాడి కంటే తప్పులు ఎక్కువ పడతాయి కదా! చిన్న వయసులో పెద్దమనిషి కావడం, ఆలస్యంగా ముట్లు ఆగడం అంటే ఆ నకళ్ళ పని ఎక్కువ ఏళ్ళు నడవడం. కాన్పులు, పాలివ్వడం వల్ల ఆ కణాలు పరిపక్వమై కొంత రక్షణ వస్తుంది.

హార్మోను మాత్రల సంగతీ ఇదే. ముట్లు ఆగిన వారికి ఇచ్చే రెండు హార్మోనుల మాత్రపై అమెరికాలో 16,608 మందితో నడుస్తున్న పరీక్షను 2002 జూలైలో మధ్యలోనే ఆపేశారు. మాత్ర వేసుకున్న వారిలో రొమ్ము క్యాన్సరు 26 శాతం ఎక్కువ కనిపించింది. వినగానే గుండె జారుతుంది. కానీ డి.ఆర్. ఇంత శాతం పెరిగిందనగానే మనం ముందు ఏమడుగుతాం? బేసిక్ ఎంత అని. ఇక్కడా అదే అడగాలి. ఏడాదికి పదివేల మందిలో, మాత్ర వేసుకోని వారిలో 30 మందికి జబ్బు వస్తే, వేసుకున్న వారిలో 38 మందికి వచ్చింది. పదివేలకు ఎనిమిది మంది ఎక్కువ. అది చిన్న విషయం కాదు, అలాగని అందరికీ వస్తుందనీ కాదు. పేపర్లో శాతం కనబడితే బేసిక్ అడగడం మరవకండి.

ఇక మన చేతిలో ఉన్నవీ, లేనివీ చెబుతాను.

ఆడపుట్టుక, వయసు, వంశం మన చేతిలో లేవు. మగవారికీ ఈ జబ్బు వస్తుంది, కాకపోతే నూటికి ఒకరు. వయసు పెరిగే కొద్దీ ముప్పు పెరుగుతుంది. వంశం గురించి భయం ఎక్కువ. మా పెద్దమ్మాయి కూడా తల్లి పోయాక, “నాన్నా, నాకూ వస్తుందా?” అని అడిగింది. తల్లికి గాని, అక్కచెల్లెళ్ళలో ఒకరికి గాని ఈ జబ్బు ఉంటే ముప్పు దాదాపు రెట్టింపు అవుతుందని 2001లో వచ్చిన పెద్ద లెక్క చెప్పింది. అయితే జబ్బు వచ్చిన తొమ్మిది మందిలో ఎనిమిది మందికి తల్లిలో గాని, అక్కచెల్లెళ్ళలో గాని, కూతుళ్ళలో గాని ఆ జబ్బు లేదని కూడా అదే లెక్క చెప్పింది. మేరీ-క్లెయిర్ కింగ్ అనే శాస్త్రవేత్త 1990లో జాడ కనిపెట్టిన బి.ఆర్.సి.ఎ. వంటి జన్యువుల వల్ల వచ్చేవి నూటికి అయిదు నుంచి పది మాత్రమే. ఒకే కుటుంబంలో చాలామందికి, అదీ చిన్న వయసులో వస్తే, జన్యు పరీక్ష సంగతి డాక్టరును అడగాలి. అమ్మాయికి ఇదే చెప్పాను. భయపడి ఇంట్లో కూర్చోకుండా ఏటా డాక్టరుకు చూపించుకుంటోంది.

చేతిలో ఉన్నవి మూడు. ముట్లు ఆగిన తర్వాత ఒంటి బరువు పెరగనివ్వకపోవడం మొదటిది. ఆ వయసులో ఈస్ట్రోజన్ తయారయ్యేది ఎక్కువగా కొవ్వులోనే. రెండోది ఒళ్ళు వంచి కదలడం. వారానికి కనీసం 150 నిమిషాలు చురుకుగా నడవడం వంటి శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. మనలో మగవాళ్ళం పార్కుకు పోయి నడుస్తాం, ఆడవాళ్ళు మనం వచ్చేసరికి కాఫీ పెడుతూ ఉంటారు. వారినీ తీసుకెళ్ళండి. మూడోది మద్యం. రోజుకు పది గ్రాముల ఆల్కహాలు, అంటే ఒక చిన్న గ్లాసు, తాగే స్త్రీకి ముప్పు సుమారు 7 శాతం పెరుగుతుంది. మన తరం స్త్రీలకు చాలామందికి ఈ మాట పట్టదు గాని, పట్నాల్లో, పరదేశాల్లో ఉన్న మనవరాళ్ళకు తెలియజేయడం మంచిది.

దెబ్బ తగిలితే క్యాన్సరు అవుతుందని, లోదుస్తుల వల్ల వస్తుందని, చంకలో రాసుకునే సెంట్ల వల్ల వస్తుందని చెప్పుకుంటారు. వీటికి ఆధారం లేదు. ఇది అంటుజబ్బూ కాదు. మా ఆవిడ జబ్బు పడ్డాక ఆవిడ చేతి మంచినీళ్ళు పుచ్చుకోని బంధువులున్నారు. అందుకే ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

ఇప్పుడు ఆవిడ ప్రశ్నకు వస్తాను. ఇరవై ఒకటో ఏట తొలి కాన్పు. ముగ్గురు పిల్లలు. ఒక్కొక్కరికీ వేపాకు రాసి పాలు మరిపించే సరికి ఏడాదిన్నర దాటేది. సన్నటి మనిషి, బావి నీళ్ళు తోడి, పిండి రుబ్బి, రోజంతా పని చేసిన ఒళ్ళు. ఒక్క హార్మోను మాత్ర ఎరగదు. రిజిస్టరు ప్రకారం ఆవిడ పేరు ఎదురుగా ఒక్క రిమార్కు కూడా లేదు. అయినా వచ్చింది. ఎందుకంటే ఈ పరిశోధనలన్నీ వేలమంది మీద వేసిన సగటు లెక్కలు. పదివేల మందిలో ఎంతమందికి వస్తుందో చెబుతాయి, ఏ ఇంటికి వస్తుందో చెప్పవు. రానివారంతా పుణ్యం చేసుకున్నవారూ కారు, వచ్చినవారంతా తప్పు చేసినవారూ కారు. ఆ రాత్రి వరండాలో నేను చెప్పవలసిన సమాధానం ఇది: నువ్వు ఏ తప్పూ చేయలేదు.

రావడం మన చేతిలో పూర్తిగా లేదు. ఆలస్యం చేయకపోవడం మాత్రం చాలావరకు మన చేతిలో ఉంది. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదిలో సుమారు 1,92,000 మంది స్త్రీలకు కొత్తగా ఈ జబ్బు వచ్చింది. దాదాపు 98,000 మంది చనిపోయారు. ముదిరిన తర్వాత ఆసుపత్రికి రావడం దీనికి ఒక పెద్ద కారణం.

బొంబాయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రి వారు 1998లో ఒక పరిశోధన మొదలుపెట్టారు. లక్షన్నర మంది పేద స్త్రీలలో సగం మందికి, శిక్షణ పొందిన మహిళా ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకోసారి చేత్తో రొమ్ము పరీక్ష చేశారు. ఖరీదైన యంత్రాలేమీ లేవు. ఇరవై ఏళ్ళ ఫలితాలు 2021లో వచ్చాయి. పరీక్ష జరిగిన వారిలో జబ్బు ముదరక ముందే దొరికింది. యాభై దాటిన వారిలో ఈ జబ్బు మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. యాభై లోపు వారిలో అలా తగ్గలేదు. శాంఘైలో 2,66,000 మంది మిల్లు కార్మికురాళ్ళతో జరిగిన మరో పరిశోధనలో, తమను తామే తడిమి చూసుకోవడం నేర్పినంత మాత్రాన మరణాలు తగ్గలేదని తేలింది. కాబట్టి తెలిసిన చేయి పరీక్ష చేయాలి, తేడా కనబడితే వెంటనే వెళ్ళాలి. ముప్ఫై దాటిన స్త్రీలకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల ద్వారా ఈ పరీక్ష చేయించాలని 2016లో కేంద్రం మార్గదర్శకాలు కూడా ఇచ్చింది.

గుర్తులు చెబుతాను, రాసుకోండి. రొమ్ములో గాని చంకలో గాని గడ్డ, నొప్పి లేకపోయినా సరే. చర్మం లోపలికి లాగినట్టు గాని, బత్తాయి తొక్కలా గాని కనబడడం. చనుమొన లోపలికి పోవడం, దాని నుంచి రక్తం రావడం. ఇలాంటి గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సరు కానివే. ఆ సంగతి తేల్చవలసింది డాక్టరు, మనం కాదు.

మిత్రులారా, మనం ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తాం. ఒక్క రోజు ఆలస్యమైతే పెన్షన్ ఆగిపోతుందేమోనని పరుగెత్తుతాం. నా విన్నపం ఒక్కటే. లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే నెలలోనే ఇంట్లో ఆడవారికి ఈ పరీక్ష కూడా చేయించండి. దానికన్నా ముందు, ఈ రోజు ఇంటికి వెళ్ళి, “నీకు ఒంట్లో ఏదైనా తేడాగా ఉందా?” అని ఒక్క మాట అడగండి. వాళ్ళంతట వాళ్ళు చెప్పరు. నేను అడగలేదు. మీరు అడగండి.