ముందు పని, తర్వాత పనిముట్టు
(ప్రసంగ పాఠం)



ఈ కోలారు గనుల్లో పైకప్పు కూలకుండా కలప దిమ్మెలు నిలబెట్టిన కార్మికులు ఉండేవారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఉద్యోగం పోయింది గాని, చేతిలోని నేర్పు పోలేదు. మిల్లు కార్మికులమైన మనం కూడా గుర్తుంచుకోవలసిన మాట ఇది.

సెలవురోజున ఇంట్లో పీటో, అలమారో చేసుకోవాలనుకునేవారు ముందుగా అడిగేది, ఏ మిషను కొనాలని. మేం చెప్పేది ఒకటే. ముందు ఏ వస్తువు చేస్తారో తేల్చుకోండి. పీటకు రంపం, చిత్రిక, సుత్తి, మూలమట్టం, రెండు ఉలులు, సానరాయి చాలు. దీనికి అప్పు చేయనక్కరలేదు.

రంపాన్ని కంటికెదురుగా పట్టి చూడండి. వంకర ఉంటే వద్దు. మూలమట్టాన్ని పలక తిన్నని అంచుకు ఆనించి గీత గీయండి. తిరగేసి అక్కడే మళ్లీ గీయండి. రెండు గీతలూ కలవకపోతే అది పనికిరాదు. కుసి మందం చెక్క మందంలో మూడోవంతు ఉండాలి. ఉలి వెడల్పు దానికి సరిపోవాలి. ఉలిని ఎప్పుడూ సానపట్టి ఉంచండి. మొద్దుబారిన ఉలిని బలంగా నెట్టాలి, అది జారితే చేయి తెగుతుంది.

మన జిల్లాలో నీలగిరి కలప విరివిగా దొరుకుతుంది. పచ్చిది కొంటే ఆరేకొద్దీ మెలికపడి పగులుతుంది. శ్రీనివాసపురం వైపు దొరికే మామిడి చెక్క పనికి అనువే గాని త్వరగా పురుగు పడుతుంది. దానికంటే వేప మేలు.

డ్రిల్లు, గ్రైండరు ఒక్కరికి భారం. పదిమందిమి కలిసి కొందాం, వంతులవారీగా వాడుకుందాం. పనిముట్టు పంచుకోవడం కూడా ఐక్యతే!