మన బడి జింక, దాని రంగు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వక్తను కాను. మేడ్చల్‌లో ఒక ఫ్యాక్టరీలో పెయింట్ షాపు చూసుకునే ఇంజనీరును. ముప్పై ఏళ్లుగా యంత్ర భాగాలకు రంగు వేయించడమే నా ఉద్యోగం. ఉత్సవ కమిటీ వాళ్లు ఫోన్ చేసి, "రంగుల సంగతి నీకే తెలుసు గదా, బడి ముందున్న జింకకు ఒక కోటింగ్ కొట్టించు" అన్నారు. ఒక్క ఆదివారం పని అనుకున్నాను. మూడు నెలలు పట్టింది. ఎందుకు పట్టిందో చెప్పడానికే ఈ మైకు పట్టుకున్నాను.

ఆ జింకను చేసింది మన డ్రాయింగ్ సార్. ఈ సంగతి మా కాలం వాళ్లకు తెలుసు, తర్వాత చదివినవాళ్లలో చాలామందికి తెలియదు. ఇనుప చువ్వలు వంచి, జాలి చుట్టి, సిమెంటు మెత్తి, ఒక వేసవి సెలవులంతా దాని మీదే ఉన్నారు. మేము తొమ్మిదో తరగతిలో ఉండగా వార్షికోత్సవం వచ్చింది. గేటుకు వేయగా మిగిలిన ఎనామిల్ డబ్బాలు కనిపించాయి. ఆ వారం సార్ ఊళ్లో లేరు. నేనూ, ఇంకో ఇద్దరూ కలిసి జింకకు నిగనిగలాడే గోధుమ రంగు కొట్టి, నిమ్మకాయలంత తెల్ల చుక్కలు పెట్టాం. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. సార్ వచ్చి చుట్టూ తిరిగి చూశారు. తిట్టలేదు. "బాగనే ఉంది గానీ, మొన్నటిదాకా ఇది జింకరా. ఇప్పుడు జింక బొమ్మ అయింది" అన్నారు. అంతే. ఆ మాట అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఆ తర్వాత ప్రతి పెద్ద కార్యక్రమానికీ ఎవరో ఒకరు మా దారే పట్టారు. ఈసారి గీకుతూ పోతే తొమ్మిది పొరలు లెక్కకు వచ్చాయి. అందులో ఒకటి నిమ్మపండు పసుపు. అది ఏ బ్యాచ్ వాళ్ల ఘనకార్యమో ఇక్కడ అడగను.

గీకడంలో ఒక జాగ్రత్త ఉంది. పాత ఎనామిల్ రంగుల్లో సీసం ఉండవచ్చు. మన దేశంలో ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన 2017 నవంబరులోనే అమల్లోకి వచ్చింది. అందుకే పొడిగా సాండ్ పేపర్ పెట్టకుండా, రిమూవర్ పూసి, తడి మీదే గీకాం. మాస్కులు కట్టుకున్నాం. పిల్లలు లేని సెలవు రోజుల్లోనే చేశాం. మీ ఇళ్లలో పాత తలుపులు, కిటికీలు గీకించేటప్పుడు కూడా ఈ మాట గుర్తుంచుకోండి.

తొమ్మిదో పొర కింద, చెవి మొదట్లోనూ, గదవ కిందా సార్ వేసిన రంగు బయటపడింది. అది డబ్బా రంగు కాదు. జాజు, సున్నం, కొంచెం మసి. జాజుకు ఆ ఎరుపునిచ్చేది ఐరన్ ఆక్సైడ్, అంటే తుప్పుకు చుట్టం. ఎండకు వెలవదు, సిమెంటులోని క్షారానికి చెదరదు. మేము కొట్టిన ఎనామిల్‌లో ఉన్నది నూనె. సిమెంటులోని క్షారం ఆ నూనెను సబ్బుగా మార్చేస్తుంది, రంగు పెచ్చులుగా ఊడుతుంది. మా అమ్మ అరుగులకు పూసిన జాజునే సార్ జింకకు వాడారు. నేను ఇంజనీరింగు చదివి తెలుసుకున్నది ఆయనకు ముందే తెలుసు.

మిగిలిన ఆ కాస్త రంగును బట్టి జింక మొత్తానికీ రంగు కట్టాలి. దానికి అసలు జింకను చూడాలి. వరుసగా నాలుగు ఆదివారాలు షామీర్‌పేట జింకల పార్కుకు పోయాను. చుక్కల జింక మన రాష్ట్ర జంతువు. అయినా అంతకుముందు నేను దాన్ని సరిగా చూడలేదని అక్కడే తెలిసింది. వీపు మధ్య నల్లటి చార ఉంటుంది. చుక్కలు చెల్లాచెదురుగా ఉండవు, వరుసల్లో నడుస్తాయి. డొక్క దగ్గర కింది వరుస చుక్కలు కలిసిపోయి ఇంచుమించు గీతలా కనిపిస్తాయి. ఒక్క చుక్కా గుండ్రంగా లేదు. చుట్టూ ఉన్న ఎర్ర వెంట్రుకలు అంచుల మీదికి జరిగి ఉంటాయి. గొంతు, పొట్ట, కాళ్ల లోపలి వైపు తెలుపు. ఆ తెలుపు కూడా సున్నం తెలుపు కాదు, మీగడ తెలుపు.

ఇక రంగు కలపడం. మా లెక్క ఇది: పసుపు ఓకర్ ఆరు పాళ్లు, బర్న్ట్ సియెన్నా మూడు, తెలుపు రెండు, చిటికెడు అంబర్. అన్నీ అక్రిలిక్ రంగులు. లేత రంగులోకి ముదురు రంగును చుక్క చుక్కగా కలపాలి. ముదురులోకి లేతను కలుపుతూ పోతే బకెట్లు నిండుతాయి గానీ రంగు దారికి రాదు. అక్రిలిక్ ఆరాక ఒక ఛాయ ముదురుతుంది కనుక అట్టముక్క మీద పూసి, ఆరాకే సరిచూడాలి. డబ్బాలోని నలుపు అసలు ముట్టలేదు. అంబర్‌లో అల్ట్రామెరైన్ నీలం కలిపితే వచ్చే నలుపులో ప్రాణం ఉంటుంది. ప్రతి కలగలుపునూ వంటింటి త్రాసు మీద తూచి రాసుకున్నాను. ఆ అలవాటు ఫ్యాక్టరీది.

ఫ్యాక్టరీలో నేర్చుకున్న మిగతాదంతా మరిచిపోవాల్సి వచ్చింది. యంత్రానికి రంగు వేయడమంటే ఈ మూల నుంచి ఆ మూల దాకా తేడా లేకుండా వేయడం. తేడా వస్తే ఆ భాగాన్ని తిరగ్గొడతాం. జీవికి రంగు వేయడమంటే ఏ రెండు జానలూ ఒకేలా లేకుండా వేయడం. కొండపల్లి బొమ్మలున్నాయి. తెల్ల పొణికి కర్ర చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపి అతికి, సున్నం పూత మీద రంగులు దిద్దుతారు. అక్కడ రంగు తేటగా, నిండుగా ఉండడమే అందం, అది బొమ్మగానే పుట్టింది గనుక. సార్ చేసింది వేరు. దానికి ఆ నిండు రంగు వేసినందుకే మాది తప్పయింది.

వేయడం ఇలా సాగింది. ముందు క్షారానికి తట్టుకునే ప్రైమర్. దాని మీద మీగడ తెలుపు. దాని మీద గోధుమ ఎరుపును నీళ్లలా పలచన చేసి నాలుగైదు పూతలు, మెడ నుంచి తోక వైపు, వెంట్రుక వాలిన దిక్కునే. మడతల్లోకి పలచని అంబర్ పారించి, పైది గుడ్డతో ఒత్తి తీశాం. చివర కుంచెను దాదాపు పొడిగా చేసి ఎత్తుల మీద లేత రంగు రాసుకుంటూ పోయాం. చుక్కలను రెండుసార్లు పెట్టాం: ముందు తెలుపు, తర్వాత అంచుల మీద ఎర్ర వెంట్రుకలు.

జింక వీపు ముదురుగా, పొట్ట తెల్లగా ఎందుకుంటుందో అమెరికా చిత్రకారుడు ఆబట్ థేయర్ 1896లో వివరించాడు. ఎండ పైనుంచి పడి వీపును వెలిగిస్తుంది, పొట్టకు నీడ పడుతుంది. రంగు దానికి సరిగ్గా ఎదురు నడిచి రెండింటినీ సమం చేస్తుంది. జంతువు పరిసరాల్లో కలిసిపోతుంది. మేము ఒళ్లంతా ఒకే గోధుమ రంగు కొట్టాం కనుకే మన జింక పొట్ట ఎప్పుడూ నల్లగా కనిపించేది. బల్ల మీది చిన్న బొమ్మకైతే నీడ మనమే వేయాలి. ఆరుబయట నిలువెత్తు బొమ్మకు నీడ సూర్యుడే వేస్తాడు, మనం అడ్డు రాకుంటే చాలు. పైన మెరుపు లేని వార్నిష్ వేశాం. కన్నుకు, ముక్కు కొసకు మాత్రం మెరిసేది. కంట్లో తెల్ల చుక్క పెట్టలేదు. పగలు చూడండి, అదీ సూర్యుడే పెడతాడు.

మొన్న గురువారం సార్ వచ్చారు. చేతికర్ర పక్కన పెట్టి, జింక వీపు మీద చెయ్యి వేసి చాలాసేపు చూశారు. "చెవి లోపల గులాబీ జర ఎక్కువైందిరా" అన్నారు. నిజమే. కుంచె అడిగి, ఓకర్ ముంచి, వణికే చేత్తోనే రెండు చోట్ల అద్దారు. ఎడమ చెవిలో ఉన్నది ఆయన రంగు. దాన్ని నేను సవరించలేదు.

ఒక్క మనవి. కలగలుపు కొలతలన్నీ రాసి, లామినేషన్ చేయించి హెడ్మాస్టర్ గారి గదిలో పెట్టాను. ఏడాదికోసారి మెత్తటి గుడ్డతో నీళ్లు పెట్టి తుడవండి. వార్నిష్ మసకబారితే మళ్లీ వేయండి. మిగిలిన ఎనామిల్‌తో మాత్రం దాని దగ్గరికి పోకండి. మా బ్యాచ్ చేసిన ఆ పని మాతోనే ఆగిపోవాలి.

సార్, ఆ రోజు మీ ముందు తలదించుకుని నిలబడ్డాను గానీ ఈ మాట అనలేదు. తప్పయింది, సార్.