మనవల చేయి పట్టుకుని ఏ పార్కుకు వెళదాం?

(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు డిసెంబరు 17. 1982లో ఇదే రోజున నకారాగారి కేసులో సుప్రీంకోర్టు, పింఛను అనేది ఒకరి దయతో వచ్చేది కాదు, ఉద్యోగి హక్కు అని తీర్పు చెప్పింది. అందుకే ఏటా ఈ రోజున కూడుతున్నాం. కూడినప్పుడల్లా కరువుభత్యం, బకాయిలు, హెల్తుకార్డుల గురించి మాట్లాడుకుంటున్నాం. అవి నాకన్నా బాగా తెలిసినవారు ఇంతకుముందే మాట్లాడారు. కార్యదర్శిగారు నాకు పదిహేను నిమిషాలిచ్చి "మీ ఇష్టం వచ్చిన విషయం చెప్పండి" అన్నారు. నేను పిల్లల ఆటస్థలాల గురించి చెబుతాను.

వెనక వరుసలో కొందరు నవ్వుతున్నారు. నవ్వండి. కానీ మనలో ఎంతమంది ఇళ్లలో కొడుకూ కోడలూ ఉద్యోగాలకు వెళుతున్నారో ఒకసారి లెక్క వేయండి. సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా ఆ పసివాళ్ల సీటు మనదే. సర్వీసులో ఏ సీటులో చేరినా ముందు ఛార్జి లిస్టు చేతికిచ్చేవారు. ఏమేమి ఉన్నాయో చూసుకుని సంతకం చేసేవాళ్లం. ఈ సీటుకు ఛార్జి లిస్టు ఎవరూ ఇవ్వలేదు. నేను సొంతంగా ఒకటి తయారు చేసుకున్నాను. అదీ దెబ్బ తిన్న తర్వాత.

ఆ దెబ్బ సంగతి ముందు చెబుతాను. మూడేళ్ల కిందట మా మనవరాలికి ఏడాదిన్నర దాటింది. మా కాలనీ పార్కులో జారుడుబల్ల ఎక్కుతానని ఒకటే మారాం. ఒక్కదాన్నీ పంపడానికి భయం వేసింది. సరేనని నేనే ఎక్కి, దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని జారాను. సగం దూరంలో దాని బూటు పక్క అంచుకు పట్టేసింది. నా బరువు ఆగదు కదా. కిందికి వచ్చేసరికి పిల్ల కేకలు పెట్టి ఏడుస్తోంది. కాలు కింద పెట్టదు.

ఎముకల డాక్టరుగారు ఎక్స్‌రే చూసి నన్ను అడిగింది ఒక్కటే ప్రశ్న. "ఒళ్లో పెట్టుకుని జారారా?" ఆయన అక్కడ లేరు, ఎవరూ చెప్పలేదు. ఎలా తెలిసిందని అడిగాను. ఈ వయసు పిల్లల్లో మోకాలి కింద ఎముక ఇలా చిట్లిందంటే ముందు అదే అడుగుతామన్నారు. పిల్ల ఒక్కతే జారితే కాలు పట్టుకున్నచోట దాని చిన్న బరువు ఆగిపోతుంది. పెద్దవాళ్ల ఒళ్లో ఉంటే కాలు ఆగుతుంది, ఒళ్లు ఆగదు. ఎముక మెలిపడుతుంది. భద్రం అనుకుని మనం చేసే పనే ప్రమాదం తెస్తుంది. నాలుగు వారాలు కట్టు. మా కోడలు నన్ను ఒక్క మాట అనలేదు. ఆస్పత్రి నుంచి వచ్చాక "మామయ్యగారూ, మీరు పొద్దుటి నుంచి కాఫీ కూడా తాగలేదు" అంది. తిట్టినా బాగుండేది.

ఆ నాలుగు వారాలూ నేను ఊరికే కూర్చోలేదు. తెలిసినవారిని అడిగాను, దొరికినవి చదివాను, టేపు జేబులో వేసుకుని మా చుట్టుపక్కల పార్కులన్నీ తిరిగాను. అలా తయారైందే నా ఛార్జి లిస్టు. దాన్ని మీ ముందు పెడుతున్నాను.

మొదటిది దూరం. హైదరాబాదులో పెద్ద పార్కులకు లోటు లేదు. ఇందిరా పార్కు 76 ఎకరాలు, సంజీవయ్య పార్కు 92 ఎకరాలు. నాంపల్లి పబ్లిక్ గార్డెన్సులో జవహర్ బాలభవన్ ఉంది. 1963లో తెరిచిన నెహ్రూ జూ పార్కు దాదాపు 380 ఎకరాలు. ఇవన్నీ చూడవలసినవే, సోమవారం జూకు సెలవని గుర్తుంటే చాలు. కానీ ఇవి పండగ పూట పిండివంటల్లాంటివి. పిల్లవాడికి రోజూ కావలసింది పప్పూ అన్నం. రెండు మూడేళ్ల పిల్ల నడిచి వెళ్లి, ఆడి, అలిసి, మన భుజం మీద నిద్రపోయినా మన మోకాళ్లు ఇంటికి చేర్చగలిగినంత దూరంలో ఉన్నదే అసలైన ఆటస్థలం. నా లెక్కలో పది నిమిషాల నడక. దారిలో పెద్ద రోడ్డు దాటవలసి ఉంటే, పార్కు ఎంత బాగున్నా నేను మార్కులు తగ్గిస్తాను.

రెండవది గేటు. చుట్టూ కంచె ఉండాలి, గేటుకు గడియ ఉండాలి. గడియ పిల్ల చేతికి అందకూడదు. కంచె బయటికి పరుగెత్తే పిల్లల్నే కాదు, లోపలికి వచ్చే కుక్కల్నీ ఆపాలి. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల పసివాణ్ణి వీధికుక్కలు ఏం చేశాయో ఇక్కడ ఎవరూ మరిచిపోలేదు. గడియ లేని గేటు చూస్తే నాకు అదే గుర్తొస్తుంది.

మూడవది, అన్నిటికన్నా ముఖ్యమైనది, నేల. మనం పార్కుకు వెళ్లి ఉయ్యాలల రంగులు చూస్తాం. చూడవలసింది ఉయ్యాల కింద. ఆటస్థలాల్లో తగిలే దెబ్బల్లో ఎక్కువ భాగం పడటం వల్ల తగిలేవే. పిల్లలు పడకుండా ఆడరు. కాబట్టి ఎక్కడ పడతారన్నదే ప్రశ్న. జారుడుబల్ల కింద సిమెంటు గచ్చు, ఉయ్యాల కింద నాపరాళ్లు పరిచిన పార్కులు నేను చూశాను. చూడటానికి శుభ్రంగానే ఉంటాయి, తలకాయకు మాత్రం శత్రువులు. అమెరికాలో వినియోగదారుల భద్రతా సంఘంవారు 1981 నుంచీ దీనిమీద ఒక పుస్తకం వేస్తూ వస్తున్నారు. నాలుగడుగుల ఎత్తు నుంచి పడే చోట కనీసం తొమ్మిది అంగుళాల వదులు ఇసుక ఉండాలనీ, ఆట సామాను చుట్టూ ఆరడుగులు ఖాళీ ఉండాలనీ వారి లెక్క. మన ఇసుక గుంటల్లో పైన రెండంగుళాలు ఇసుక, కింద గట్టినేల. పిల్లల కాళ్లకు తన్నుకుపోయి ఉయ్యాల కింద గుంట పడుతుంది. నేను చేతికర్ర గుచ్చి చూస్తాను. ఎంత దిగితే అంత ఇసుక. మెత్తని రబ్బరు పలకలు పరిచిన పార్కులు కూడా ఇప్పుడు వస్తున్నాయి. అవి మంచివే, అతుకులు లేచిపోకుండా ఉన్నంతవరకు. ఇసుక అయితే కుక్కలూ పిల్లులూ పాడుచేయకుండా చూసుకోవాలి, ఇంటికి రాగానే చేతులు కడగాలి.

నాలుగవది సందులు. నిచ్చెన మెట్ల మధ్య, పిట్టగోడ కమ్మీల మధ్య ఖాళీలు చూడండి. మూడున్నర అంగుళాల నుంచి తొమ్మిది అంగుళాల మధ్య ఉన్న సందు చిన్నపిల్లలకు ప్రమాదం. ఒళ్లు దూరుతుంది, తల ఇరుక్కుంటుంది. టేపు అక్కరలేదు. నా పిడికిలి దూరి, పిల్ల తల దూరని సందు అనుమానించవలసిన సందే. అలాగే మెడలో గొలుసులు, వేలాడే చున్నీలు, చొక్కా తాళ్లు ఇంట్లోనే తీసి పంపండి. అవి జారుడుబల్ల పైన పట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

అయిదవది ఎండ. మన ఏప్రిల్, మే నెలల్లో రేకు జారుడుబల్ల పెనం లాంటిది. ప్లాస్టిక్‌ది కాలదనుకోవద్దు, అదీ కాలుతుంది. ఎక్కించేముందు మన చేతి వెనక భాగం దానిమీద ఆనించి అయిదు అంకెలు లెక్కపెట్టండి. మనం ఓర్చుకోలేకపోతే పిల్ల తొడలు ఓర్చుకోలేవు. ఒక వేపచెట్టు, ఒక కానుగచెట్టు ఉన్న చిన్న పార్కు, నీడ లేని పెద్ద పార్కు కన్నా నయం.

ఆరవది వయసు. అయిదేళ్ల లోపు పిల్లలకూ, పై పిల్లలకూ ఆట సామాను వేరు, వీలైతే చోటు కూడా వేరుగా ఉండాలి. పదేళ్ల పిల్లలు జోరుగా ఊగే ఉయ్యాల ముందుకు రెండేళ్ల పిల్ల తెలియక నడిచి వెళ్లిందా, అంతే. చిన్నవాళ్లకు ముందు గొలుసు కట్టిన బుట్ట ఉయ్యాల ఉందేమో చూడండి. ఇంకొకటి, ఈ మధ్య ప్రతి పార్కులోనూ పెద్దల కోసం ఇనుప వ్యాయామ పరికరాలు పెట్టారు. మనకు మంచివే. కానీ పిల్లలు వాటినే ఆటవస్తువులనుకుని ఎక్కుతారు. వాటి కీళ్ల మధ్య వేళ్లు పడితే నలిగిపోతాయి. అవి ఆట సామానుకు దూరంగా ఉన్న పార్కును ఎంచుకోండి. లేదా ఆ వైపుకు మీరే అడ్డంగా నిలబడండి.

ఏడవది మన అవసరాలు. తాగునీరు, మరుగుదొడ్డి ఉండాలి. రెండేళ్లవాడికీ డెబ్భయ్యేళ్లవాడికీ ఆ రెండో అవసరం ఒకే తొందరలో వస్తుంది. బెంచీ ఆటస్థలానికి ఎదురుగా ఉండాలి. వీపు తిప్పి కూర్చునే బెంచీ ఉంటే ఏం లాభం? ఉన్నా, సెల్‌ఫోనులో తల దూరిస్తే ఏం లాభం? బుజ్జగించి చెబుతున్నాను, ఆ గంటసేపు ఫోను జేబులో ఉంచండి.

ఇన్ని చెప్పారు, ఇవన్నీ ఉన్న పార్కు ఎక్కడుందని మీరు అడగవచ్చు. మా కాలనీలోనూ లేదు. అందుకే ఎంచుకోవడమంటే ఉన్నవాటిలో ఒకటి ఏరుకోవడం మాత్రమే కాదంటాను. దగ్గరి పార్కును ఎంచుకుని దాన్ని బాగుచేయించుకోవడం కూడా. ఆ పని మనకన్నా బాగా ఎవరు చేయగలరు? ముప్పయ్యేళ్లు అర్జీలు చదివినవాళ్లం. ఏ అర్జీ కదులుతుందో, ఏది బుట్టలో పడుతుందో మనకు తెలుసు.

నేను చేసింది చెబుతాను. ఒక అర్జీకి ఒకే విషయం. పార్కు పేరు, వార్డు, ఏ వస్తువు, ఏ లోపం, ఎన్ని అంగుళాలు, ఏం చేయాలి. ఆవేశం వద్దు, విశేషణాలు వద్దు. పదిమంది తల్లుల సంతకాలు. రెండు ప్రతులు, ఒకదానిమీద అందినట్టు ముద్ర, తేదీ. నెల తర్వాత జ్ఞాపిక. దానికీ జవాబు లేకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద, మా అర్జీ ఏ సీటులో ఉందో తెలుపవలసిందని పది రూపాయలతో దరఖాస్తు. ముప్పయి రోజుల్లో జవాబివ్వాలి. మూడు విషయాలు అడిగాం. జారుడుబల్ల కింద గచ్చు తవ్వి ఇసుక పోయించడం, గేటుకు గడియ, రెండు లైట్లు. ఎనిమిది నెలల్లో మొదటి రెండూ అయ్యాయి. లైట్ల ఫైలు ఇంకా పరిశీలనలో ఉంది. ఆ మాట మనం ఎంతమందికి రాసి ఉంటామో, ఇప్పుడు మనకు వచ్చింది.

పార్కు స్థలమే మాయమైపోతుంటే మాత్రం ఊరుకోవద్దు. లేఅవుటులో పార్కుకు ఇంత అని వదలాలన్నది నిబంధన. చాలాకాలంగా వాడుకలో ఉన్న లెక్క నూటికి పది వంతులు. మీ కాలనీ మంజూరైన లేఅవుటు నకలు తీసి సంఘం బీరువాలో పెట్టుకోండి. బెంగళూరులో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ఒక ఆస్పత్రికి ఇస్తే అక్కడి నివాసులు కోర్టుకెక్కారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదంది. పార్కు ప్రజలందరిదనీ, దాన్ని ఒక ప్రైవేటు సంస్థకు ధారాదత్తం చేసే అధికారం ఎవరికీ లేదనీ ఆ తీర్పు సారాంశం. ఆడుకోవడం పిల్లల హక్కని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 31వ అధికరణం చెబుతోంది. 1992లో మన దేశం దానికి అంగీకరించింది. మన పింఛను దయ కాదు, హక్కు అని మనం ఈ రోజు పండగ చేసుకుంటున్నాం. మనవల ఆట కూడా ఎవరి దయా కాదు. కాకపోతే వాళ్లు అర్జీ రాయలేరు. మనం రాయాలి.

చివరగా ఒక మాట. కట్టు విప్పాక మా మనవరాలు చాలా నెలలు జారుడుబల్ల దగ్గరికి పోలేదు. దూరం నుంచి చూసి నా వేలు గట్టిగా పట్టుకునేది. కొత్త ఇసుక పోసిన వారం, ముందు ఇసుకలో కూర్చుని ఆడింది. తర్వాత తనంతట తానే చిన్న జారుడుబల్ల మెట్లు ఎక్కి, పైన కూర్చుని "తాతయ్యా, నువ్వు ఎక్కొద్దు, కిందే ఉండు" అంది. ఆఫీసరు ఉత్తర్వులా పాటించాను. పక్కనే నిలబడి చెయ్యి చాచాను. జారి వచ్చి ఇసుకలో పడింది. లేచి ఒళ్లు దులుపుకుని మళ్లీ మెట్ల వైపు పరుగెత్తింది.

ఇంట్లో చిన్నపిల్లలున్నవారు రేపు సాయంత్రం పార్కుకు వెళ్లినప్పుడు ఒక్కసారి ఉయ్యాల కింద నేల చూడండి. వచ్చే నెల సమావేశానికి ఎవరి అర్జీ వారు రాసి తీసుకురండి. చిత్తు ప్రతి సరిదిద్దే పని నాది.